పగలు వెలిగే బల్బు

పట్టపగలు ఇంట్లో బల్బు వెలుగుతుంటే చూసి నవ్వడం సులభం. ఎనభైల చివర్లో, వానలు వరసగా మొహం చాటేసిన ఏళ్ళలో, వై.ఎన్.హొసకోట దగ్గరి ఒక పల్లెలో కింది వీధి ఇళ్ళన్నింటికీ స్విచ్చులు రాత్రింబవళ్ళు వేసే ఉండేవి. పావగడ నుంచి పని మీద వచ్చినవాళ్ళు అది చూసి, పల్లెటూరివాళ్ళకు కరెంటు విలువ తెలియదని విసుక్కుంటూ పోయేవాళ్ళు. ఎందుకమ్మా అని ఒక్కరూ అడగలేదు. అడిగి ఉంటే తెలిసేది, ఆ బల్బు వెలుతురు కోసం కాదని. అది నీళ్ళ కోసం.

ఊరి బయట బోరు, దానికి మోటరు. బడి పక్కన తొట్టి, తొట్టికి రెండు కొళాయిలు. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు మోటరు తనంతట తానే తిరిగేది. ఎప్పుడొస్తుందో మాత్రం ఎవరికీ తెలియదు. బోరులో నీళ్ళు అడుగంటాయి కాబట్టి కొళాయి కాసేపు పోసి, ఆ తర్వాత కరెంటు ఉన్నా గాలి కక్కేది. ఆ కాసేపట్లో కడవతో అక్కడున్నవాళ్ళకే నీళ్ళు. మిగిలినవాళ్ళు ఎండలో తోట బావి దాకా నడవాల్సిందే. అందుకని బిడ్డకు పాలిచ్చే తల్లి కూడా ఒక కన్ను బల్బు మీదే ఉంచేది. అది వెలిగిందంటే కడవ ఎత్తుకుని పరుగు. స్విచ్చి ఆపడమంటే ఇంటికి రావాల్సిన నీళ్ళను ఆపుకోవడమే.

ఆ వీధిలో ఉండేది దాసమ్మ. భర్త పోయాక అత్త బోరమ్మ, తాను, ఇద్దరే మిగిలారు. దొరికిన రోజు పగలు కూలి, పొద్దు మునిగాక వేరుశెనగ ఒలుపు. విత్తనానికి ఉంచిన కాయను మిషనులో వేస్తే పప్పు చీలుతుంది. చీలిన పప్పు మొలవదు. అందుకే రైతులు ఆడవాళ్ళ చేత చేత్తోనే ఒలిపించేవాళ్ళు. పై వీధి రైతు ఇల్లాలు యశోదమ్మ దాసమ్మకు మూటలు పంపేది, కరెంటు దీపం ఉండాలన్న ఒకే ఒక్క షరతు మీద. కిరసనాయిలు బుడ్డి ముందు కూర్చుంటే మంచి పప్పులో పుచ్చు పప్పు కలిసిపోతుందని ఆమె మాట. నిజమే కూడా. దాసమ్మ అందుకే వంద క్యాండిల్ బల్బు తగిలించుకుంది. సాయంత్రం ఒలుపుకు వెలిగిన ఆ బల్బే పగలంతా నీళ్ళకు కాపలా కాసేది.

బిల్లులు పెరిగాయి. రెండు కట్టలేకపోయింది. ఎండలు ముదిరిన రోజుల్లో లైన్‌మన్ హనుమంతరాయుడు వచ్చి, మూడోది కూడా ఆగితే ఫ్యూజు పీక్కుపోవాల్సి వస్తుందని చెప్పాడు. చెబుతున్నంతసేపూ గోడ వైపే చూశాడు. ఫ్యూజు పోతే బల్బు పోతుంది, బల్బు పోతే మూటలు ఆగిపోతాయి. కూలి కూడా దొరకని ఆ కరువులో వాళ్ళిద్దరి పొయ్యి వెలిగేది ఆ మూటల మీదే.

దాసమ్మ బతిమాలలేదు. "ఇద్దరు ఆడోళ్ళకు ఇంత బిల్లు యాడిదన్నా? మీటరుకు దయ్యం పట్టిండాదేమో చూడు" అంది.

అప్పుడు కరెంటు ఉంది. కొళాయి గాలి కక్కి చాలాసేపయింది. అయినా బల్బు వెలుగుతూనే ఉంది, కరెంటు పోయి మళ్ళీ వస్తే తెలియాలి కదా. హనుమంతరాయుడు ఆమెను మీటరు దగ్గరికి పిలిచి, అద్దం వెనక తిరిగే చక్రం చూపించాడు.

"గానుగెద్దును చూసినావు గదా దాసక్కా? ఇదీ అంతే. బల్బు వెలిగేంతసేపూ తిరుగుతాది. పెద్ద బల్బయితే ఉరుకుతాది. పోయి స్విచ్చి ఆపు, చూద్దాం."

ఆపింది. చక్రం నిలిచిపోయింది. వేసింది, కదిలింది. నమ్మలేక మళ్ళీ ఆపింది, మళ్ళీ వేసింది. లోపలి నుంచి బోరమ్మ, దీపం ఆర్పడమే ఇంటికి మంచిది కాదంటే, మీరిద్దరూ దాంతో ఆటలాడతారా అని తిట్టిపోసింది.

పగలెందుకు వేసుకుంటారని హనుమంతరాయుడు అడిగాడు. దాసమ్మ నీళ్ళ సంగతి చెప్పింది. అతను సంచిలోంచి చిన్న సున్నా బల్బు తీసి ఆమె చేతిలో పెట్టాడు. కాపలాకు అంత వెలుతురు అక్కర్లేదని, పేరుకు సున్నా అయినా ఇదీ కొంచెం తాగుతుందని, కాకపోతే ఆ పెద్దదాని ముందు ఇది చీమేనని చెప్పాడు. పాత బాకీ కొంచెం కొంచెంగా కట్టేలా ఆఫీసులో తానే అడుగుతానన్నాడు. బిల్లు చేతిలో పెట్టడానికి మనుషులు వస్తూనే ఉన్నారు. అది ఎందుకు వస్తుందో చెప్పిన మనిషి అతనొక్కడే.

మిగతా ఆలోచన దాసమ్మది. కరెంటు వస్తే వీధి మొత్తానికీ ఒక్కసారే వస్తుంది. మరి ఇంటింటా కాపలా ఎందుకు? వారానికి ఒక ఇల్లు సున్నా బల్బు వేసుకోవాలి, వెలగగానే డబ్బా కొట్టి అందరినీ పిలవాలి, మిగిలిన ఇళ్ళవాళ్ళు పగలు స్విచ్చి ఆపేయాలి. వీధిలో అందరికీ చెప్పింది.

పక్కింటి ఎల్లక్క మూతి తిప్పింది. "ముందు నీ కడవలు నింపుకోని, తీరిగ్గా మమ్మల్ని పిల్చల్లనా? ఎంత తెలివిమంతురాలివే దాసమ్మా."

"పిల్చినాకనే కడవ ముట్టుకుంటా ఎల్లక్కా. ముందు ముట్టుకున్యానంటే మీ స్విచ్చులు మీవే, వేసుకోండి."

కరువులో నీళ్ళ దగ్గర ఎవరి మాటా ఎవరూ నమ్మరు. అది మనుషుల తప్పు కాదు, రెండు కొళాయిల తప్పు. మొదటి వారం దాసమ్మదే అని సరేనన్నారు గానీ, ఎల్లక్క మాత్రం తన స్విచ్చి ఆపలేదు.

మర్నాడు మిట్ట మధ్యాహ్నం సున్నా బల్బు వెలిగింది. దాసమ్మ పాత నూనె డబ్బా తీసుకుని వీధి ఈ చివర నుంచి ఆ చివరకు కొడుతూ పరుగెత్తింది. అందరూ కదిలాక ఇంటికి వచ్చి కడవలు ఎత్తుకుని కొళాయి దగ్గరికి పోయేసరికి, కొళాయి రెండుసార్లు దగ్గి ఊరుకుంది. ఖాళీ కడవలతో నిలబడిపోయింది. ఇంట్లో అత్త తాగడానికి గుక్కెడు నీళ్ళు కూడా లేవు.

అందరి కంటే ముందు నీళ్ళు పట్టుకున్నది ఎల్లక్కే. ఆమె వెళ్ళిపోకుండా కడవ కిందికి దించింది.

"పట్టు మే, పట్టు. నేను నా బల్బును చూసే బయటికొస్తి. అప్పటికే నువ్వు డబ్బా కొడ్తాండావు. చేతిలో కడవ ల్యా."

అంటూనే తన కడవలోంచి ఇంత వంచింది. ఆ వెనక ఇంకొకామె చెంబుడు పోసింది. అలా ఒకరి తర్వాత ఒకరు చెంబుడు చెంబుడు పోశారు. దాసమ్మ రెండు కడవలూ నిండాయి. ఎల్లక్క ఇంటికి పోయి స్విచ్చి ఆపింది.

అప్పటి నుంచి అదే ఆ వీధి కట్టుబాటు అయింది. కాపలా ఇంటి కడవలు అటూ ఇటూ ఇళ్ళవాళ్ళు తీసుకుపోయి, ముందుగా నింపి తెచ్చిపెట్టేవాళ్ళు. వంద క్యాండిల్ బల్బు ఒలుపు వేళకు మాత్రమే వెలిగేది. దాని కింద ఎల్లక్కతో పాటు ఇంకో ఇద్దరు తమ మూటలు తెచ్చుకుని కూర్చునేవాళ్ళు, తమ ఇళ్ళల్లో దీపం ఆపేసి. దాసమ్మకు ఆ వెలుతురు ఖర్చులో వాళ్ళ వంతు ముట్టేది. తర్వాతి బిల్లు చూసి హనుమంతరాయుడు పైకి చదవకముందే నవ్వాడు. అది ఆమె కట్టగలిగినంత బిల్లు. విత్తనాల వేళకు పాత బాకీ కూడా తీరింది. ఫ్యూజు గోడకు అలాగే ఉంది, యశోదమ్మ మూటలు వస్తూనే ఉన్నాయి.

బోరమ్మ మాత్రం బతికున్నంత కాలం దీపం ఆర్పడానికి ఒప్పుకోలేదు. స్విచ్చి ఆపే ముందు బల్బుకు దండం పెట్టి, "పండుకో తల్లీ, పొద్దు మునిగితే లేద్దువు" అనేది. అలా అంటే ఆర్పినట్టు కాదట.

తొంభైల్లో వీధికి పెద్ద ట్యాంకు వచ్చింది, కాపలా అవసరం తీరింది. ఎవరైనా ఆ రోజులు తలచి మెచ్చుకుంటే దాసమ్మ చేతిలోని కాయ ఒలుస్తూనే జవాబు చెప్పేది.

"రాయుడన్న చక్రం చూపించినాడు. ఎల్లక్క నీళ్ళు పోసింది. నేనేం చేస్తినప్పా? డబ్బా కొడ్తి."