కుర్చీ మీద ఇవాళ్టి పేపరు

అక్క చనిపోయిందన్న కబురు అక్క నంబరు నుంచే వచ్చింది.

శుక్రవారం మా లైబ్రరీలకు సెలవు. ఆ రోజు మా వాట్సాప్ గ్రూపులో ఎవరూ మాట్లాడరు. అది అక్క పెట్టిన కట్టుబాటు. వారానికి ఒక్కరోజైనా ఫోను పక్కన పడేసి ఇంట్లోవాళ్ల మొహాలు చూడండి అనేది. అందుకని ఆ శుక్రవారం సాయంత్రం ఫోను మోగి, పైన అక్క పేరు కనబడగానే పిండి చేత్తోనే తీసి చూశాను. తమిళంలో రెండు ముక్కలున్నాయి. అమ్మ పొద్దున ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు పోయిందనీ, రేపు మధ్యాహ్నం ఎత్తుతామనీ. రాసింది కూతురు. కానీ ఆ మాటల పక్కన గుండ్రంలో ఉన్నది అక్క మొహమే, నవ్వుతూ. పోయిన మనిషి తానే వచ్చి తన చావు చెప్పినట్టయింది. ఫోను బోర్లా పెట్టేశాను. మీరు నవ్వుకున్నా సరే, ఆ ఫోనున్న గదిలోకి మళ్లీ పోవడానికి మా ఆయన్ని తోడు రమ్మన్నాను.

నేను పిరికిదాన్ని. ఈ నాలుగు మాటలూ రాసేముందే ఆ సంగతి చెప్పేయడం మంచిది. కనకమ్మ సత్రం అనే ఊళ్లో చిన్న లైబ్రరీ నడుపుతాను. నడపడమంటే తాళం తీసేదీ, ఊడ్చేదీ, పేపర్లు పరిచేదీ, పుస్తకాలిచ్చేదీ, మళ్లీ తాళం వేసేదీ నేనే. తిరువళ్లూరు, తిరుత్తణి చుట్టుపక్కల ఊళ్లలో లైబ్రరీలు నడిపే మావాళ్లు చాలామందిది ఇదే పరిస్థితి. ఒక గది, ఒక మనిషి. అక్కది తిరుత్తణి. గది పెద్దది గాని అక్కడా మనిషి ఒక్కతే. నాకు ఆమె చుట్టమేమీ కాదు. మా అందరికీ అక్క, అంతే.

గ్రూపు పుట్టింది తిరువళ్లూరులో. ఏదో మీటింగు అయిపోయి అందరం బస్సులకు పరిగెత్తే తొందరలో ఉంటే, ఆమె మెట్ల దగ్గర అడ్డంగా నిలబడి ఫోను నంబర్లు అడిగింది. ఎవరూ ఇవ్వలేదు. ఆఫీసులో తెలిస్తే సంఘం కడుతున్నారని అనుకుంటారేమోనని భయం. మాలో సగంమందివి ఎప్పుడు ఊడతాయో తెలియని ఉద్యోగాలు. నేను ఆమె వెనకనుంచి మెల్లగా జారుకోబోయాను. చెయ్యి పట్టుకుంది.

"సంఘమూ లేదు, ఏమీ లేదు మే. మనం పక్కపక్క ఇండ్లోళ్లం అనుకో. మధ్యన కొన్ని ఊళ్లు ఉండాయి, అంతే" అనింది.

పక్కింటివాళ్లు మాట్లాడుకునే మాటలే మేమూ మాట్లాడుకున్నాం. ర్యాకుకు చెదలు పడితే ఏం పూయాలి, పైకప్పు కారితే ముందు ఏవి జరపాలి, పరీక్షలకు చదివే పిల్లలు అడిగిన పుస్తకం ఎవరి దగ్గరుంది. ఒకరు అడగడమే ఆలస్యం, ఉన్నవాళ్లు ర్యాకు దగ్గరికి పోయి పుస్తకం వీపు ఫోటో తీసి పెట్టేవాళ్లు. తెలిసిన కండక్టరు చేతికిచ్చి పంపేవాళ్లు. రాత తమిళంలో, మాట తెలుగులో. తెలుగు మాకు ఇంటి భాషే గాని రాయమంటే చాలామందికి చెయ్యి ఆగిపోతుంది. అందుకని అక్క ఏ సంగతైనా గొంతుతో చెప్పి పంపేది. అబ్బో, ఎంత పొడుగు సంగతులవి! చెదల మందు గురించి మొదలుపెట్టి, కళ్లజోడు తలమీద పెట్టుకుని ఇల్లంతా వెతుక్కున్న కథలోకి పోయి, చివర్న మందు పేరు చెప్పడం మరిచిపోయేది. ఆడి పండగ నెలలో ఆ గొంతు వెనకాల స్వామి కొండకు మొక్కు కావిళ్లు మోసుకుపోయేవాళ్ల మేళం, అరోగరా అనే కేకలు వినబడేవి. ఆమె గొంతు ఇప్పటికీ నా ఫోనులో ఉంది. నొక్కి వినాలంటే భయం.

అప్పట్లో మా లైబ్రరీకి ఒకాయన వచ్చేవాడు. పేపరు చేతిలో పట్టుకుని చదవకుండా నన్నే చూస్తూ కూర్చునేవాడు. ఒక మధ్యాహ్నం, మూసే వేళకు అందరూ వెళ్లిపోయాక, అతను లేవలేదు. టైమయింది సార్ అన్నాను. లేచి వచ్చి నా బల్లమీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. తలుపు అతని వెనక ఉంది. నేను ఫోను తీస్తే, ఎవరికి అని అడిగాడు. పుస్తకం కోసం అన్నాను. వంగి తెర మీదికే చూస్తున్నాడు. కాపాడండి అని ఎట్లా రాయను? వేళ్లకు తోచింది రాశాను. ఊరగాయల పుస్తకం ఎవరి దగ్గరైనా ఉందా, చాలా అవసరం, అని.

ఇక చూడండి మావాళ్ల చురుకు. ఊత్తుకోట లైబ్రరీ నడిపే అన్న తన ర్యాకులో ఉన్న ఊరగాయల పుస్తకం ఫోటో పెట్టాడు. ఇంకెవరో తమ దగ్గర కొత్త ముద్రణ ఉందన్నారు. మామిడికాయా, నిమ్మకాయా అని మరొకరు. పుస్తకమడిగితే వెతకడం తప్ప ఇంకేమీ తోచదు మాకు. అతను నా మీదికి వంగి ఉన్నాడు, నా చేతిలో ఊరగాయల ఫోటోలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతున్నాయి.

అప్పుడు ఫోను మోగింది. అక్క. నేను కంగారులో ఏది నొక్కానో, ఆమె గొంతు గదంతా వినబడింది.

"యాడుండావు మే? నేను నీ ఊరి బస్టాండులో దిగినాను. ఆఫీసరు సారు కూడా వస్తా ఉండాడు. తలుపులు బార్లా తెరిచిపెట్టు."

అతను చేతులు తీసేశాడు. పేపరు మడిచి, మర్యాదగా బల్లమీద పెట్టి మరీ వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. అక్క ఏ బస్టాండులోనూ లేదు, తిరుత్తణిలో తన కుర్చీలోనే ఉంది. నేను బయటికొచ్చి టీ బంకు దగ్గర జనంలో నిలబడేదాకా ఆమె ఫోను పెట్టలేదు. నీకెట్లా తెలిసిందక్కా అంటే, ఆ పుస్తకం పోయిన వారమే మీ ఊరికి నేనే పంపించినాను గదా, ఉండే పుస్తకాన్ని ఎవరన్నా అడుగుతారా అనింది. తర్వాత, తిన్నావా అని అడిగింది. ఏ మాటైనా ఆమెకు అక్కడే ముగిసేది.

మర్నాటి నుంచి అక్క చెప్పినట్టు తలుపు ఫోటోలు మొదలయ్యాయి. పొద్దున తాళం తీయగానే వాకిట్లో కుర్చీ వేసి, దానిమీద ఆ రోజు పేపరు పెట్టి, ఫోటో తీసి గ్రూపులో పెట్టాలి. మూసేటప్పుడు తాళం ఫోటో. పేపరెందుకంటే నిన్నటి ఫోటో మళ్లీ పెట్టి ఏమార్చకుండా. ఫోటో రాకపోతే అక్క ఫోను వచ్చేది. ఎవరికైనా ఒకటే ప్రశ్న, "తలుపు తీసినావా?" కొందరు వెక్కిరించారు. ఇదేమి హాజరు పట్టీ అని ఊత్తుకోట అన్న సణిగాడు. ఆయనది రోజూ ఆలస్యమే, రోజూ ఆయనకు ఫోను పోవలసిందే. రానురాను మాకు అలవాటైపోయింది. మనం తలుపు తీశామా లేదా అని కనిపెట్టుకుని ఉండే మనిషి ఒకరున్నారనుకుంటే ఆ ఒంటి గదిలో ఎంత ధైర్యంగా ఉంటుందో, అక్కడ కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది.

అక్కకు భయమంటే తెలియదని అనుకునేదాన్ని. ఒకసారి తిరుత్తణి పోయినప్పుడు ఆ మాటే అన్నాను. వేరుశనగ ఉండ విరిచి సగం నా చేతిలో పెట్టి నవ్వింది.

"నాకా? ఫోను చేస్తే అవతల రింగు పోతా ఉంటాది చూడు, ఎత్తేదాకా నా కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టు ఉంటాది మే. రోజూ అంతే. భయపడేవాళ్లే ఫోను చేస్తారు. ధైర్యం ఉండేవాళ్లు ఏంగాదులే అని ఊరుకుంటారు."

ఆమె శుక్రవారం పోయింది. కూతురు తెల్లవారే లోకల్ రైలెక్కి పనికి పోయింది. అక్క భర్త ఎప్పుడో పోయాడు. సెలవు గనుక తలుపు ఫోటో లేదు, రాలేదే అని ఎవరికీ తట్టదు. అంతవరకూ సరే. కానీ నన్ను అప్పటినుంచీ తినేస్తున్నది ఇంకొక మాట. శుక్రవారం కాకుండా ఉంటే? తిరుత్తణి తలుపు రాలేదని ఫోను చేసేది ఎవరు? మా అందరికీ చేసే మనిషి ఉంది గాని, ఆ మనిషికి చేసేవాళ్లు ఎవరన్నది మాలో ఎవరమూ అనుకోనే లేదు.

శనివారం పొద్దున గ్రూపులో ఎవరూ ఏమీ రాయలేదు. తలుపులు మాత్రం ఒక్కొక్కటే వచ్చాయి. తిరుత్తణి తలుపు రాలేదు. మధ్యాహ్నం లైబ్రరీలు మూసి అందరం అక్క ఇంటికి చేరాం. మీటింగుల్లో చూసిన మొహాలు కొన్నే, తర్వాత చేరినవాళ్లే ఎక్కువ. ఒకరినొకరం గుర్తుపట్టలేక నిలబడ్డాం. ఒకమ్మాయి నా దగ్గరికొచ్చి, నీలం తలుపు, విరిగిన చెయ్యి కుర్చీ మీరేనా అని అడిగింది. ఔను, నువ్వు ఎవరంటే, ఆరణి, పచ్చ తలుపు అనింది. పోయిన ఏడే చేరిన పిల్ల. ఆ ఏడుపుల మధ్యే మేము ఒకరికొకరం మా తలుపులు చెప్పుకున్నాం. ఊత్తుకోట అన్న పెద్దాయన, షట్టరు, ప్లాస్టిక్ కుర్చీ. అక్క కాళ్ల దగ్గర నిలబడి చిన్నపిల్లాడిలా వెక్కిళ్లు పెట్టాడు.

కూతురు మా దగ్గరికి వచ్చింది. రోజూ పొద్దున అమ్మ ఫోనుకు తలుపులు వస్తాయి, నేను చూడలేను, కర్మ అయినాక గ్రూపులోంచి తీసేస్తాను, తర్వాత ఎవరు చూసుకుంటారు అని అడిగింది. నేను చూస్తానని ఎవరమూ ముందుకు రాలేదు. తలుపు ఫోటో పెట్టడం సులువే. రానివాళ్లకు ఫోను చేయడం సులువు కాదు. ఒకరోజు అవతల ఎవరూ ఎత్తకపోతే ఆ రింగును చివరిదాకా వినవలసింది ఆ చేసినవాళ్లే.

తర్వాత ఒక పొద్దున ఆరణి తలుపు రాలేదు. గ్రూపులో అందరం చూశాం. పేర్ల పక్కన చూసిన గుర్తులు పడ్డాయి గాని ఎవరూ చేయలేదు. నేనూ చేయలేదు. ఫోను తీయడం, పెట్టడం, వాకిట్లోకి పోయి రావడం. ఏంగాదులే అనుకోబోయాను, ఆ మాట నాలోనే అడ్డం తిరిగింది. మధ్యాహ్నానికి ఆ పిల్ల గొంతు వచ్చింది, నీరసంగా. "జరం వచ్చి పడుకోనుండాను. ఎవరన్నా ఫోను చేస్తారని చూసినాను." ఇంకేమీ అనలేదు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

కర్మ అయిన మర్నాడు లైబ్రరీ తాళం తీస్తున్నాను. ఫోను మోగింది. అక్క గ్రూపులోంచి వెళ్లిపోయినట్టు తెరమీద పడింది. కూతురు తీసిందని తెలుసు, అయినా ఆమె మళ్లీ పోయినట్టే అనిపించింది. వెంటనే కింద ఇంకొక వరుస, ఇకమీదట గ్రూపు అడ్మిన్ నేనేనని. ఉన్న ఒక్క అడ్మినూ పోతే ఫోను తనంతట తానే ఎవరినో ఒకరిని పట్టుకుంటుందట. ఉన్నవాళ్లందరిలో దానికి దొరికింది నేను! తాళం చెవి చేతిలోంచి జారి మెట్ల కింద పడింది.

ఫోటోలు వస్తున్నాయి. పచ్చ తలుపు వచ్చింది. మరికొన్ని వచ్చాయి. ఊత్తుకోట రాలేదు. ఆలస్యమేలే, ఆయనకది మామూలే అనుకున్నాను. ఇంకాసేపు చూశాను. పెద్దాయన, ఒంటరి గది. అక్కకైతే పెద్దతనం కూడా రాలేదు. అందరూ ఫోను పట్టుకుని నాలాగే చూస్తున్నారని నాకు తెలుసు. నంబరు నొక్కాను.

రింగు పోతోంది. అక్క చెప్పినట్టే, కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టే. ఎత్తడం లేదు. పెట్టేద్దామనుకున్నాను. పెట్టేస్తే మళ్లీ చేసే ధైర్యం రాదని చెవికి గట్టిగా ఆనించుకున్నాను. అక్క ప్రతి పొద్దునా ఇది విన్నదా అనిపించింది.

అవతల ఎత్తారు. రొప్పుతున్న గొంతు. ఎవరని అడగలేదు, నంబరు చూసుకోలేదు. ఆ వేళకు ఆయనకు ఫోను చేసేది ఒక్కరే.

"తీస్తా ఉండానక్కా, బస్సు లేటు. ఇదో, తలుపు తీస్తా ఉండాను."

అనేశాక ఆయనకు తెలిసింది. మాట ఆగిపోయింది. నేను ఎవరో నేనూ చెప్పలేకపోయాను. కాసేపటికి తాళం చప్పుడైంది. షట్టరు గరగరమంటూ పైకి పోయింది, చివరిదాకా.

"సరే అన్నా" అన్నాను. "పేపరు కనబడేట్టు పెట్టు."

ఫోను పెట్టేసి మెట్ల మీదే కూలబడ్డాను. ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు. కాసేపటికి ఊత్తుకోట ఫోటో వచ్చింది. ఎత్తిన షట్టరు కింద ప్లాస్టిక్ కుర్చీ, దానిమీద ఇవాళ్టి పేపరు. గాలికి ఎగరకుండా పైన ఆయన అన్నం డబ్బా.

తాళం చెవి ఇంకా మెట్ల కిందే ఉంది. నా నీలం తలుపు మూసే ఉంది. ఇంత హడావుడిలో నా ఫోటో నేను పెట్టలేదని అప్పుడు గుర్తొచ్చింది. వంగి తాళం చెవి తీసుకుంటున్నాను, చేతిలో ఫోను మోగింది.

ఆరణి.

ఆ రింగు పోతున్నంతసేపు అవతల ఆ పిల్లకు ఎట్లా ఉంటుందో తెలుసు గనుక, కళ్లు తుడుచుకోకుండానే ఎత్తాను.