ఆషాఢంలో వచ్చిన శ్రావణ సప్తమి

ఆ రోజుల్లో ప్రపంచంలో ఎవరు ఎప్పుడు పుట్టారో, ఎప్పుడు పోయారో నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. సొంత మేనత్త కొడుకు పెళ్లిరోజు మాత్రం ఒక్క ఏడూ గుర్తుండేది కాదు. విజయనగరంలో ఒక చిన్న దినపత్రికలో నాకది మొదటి ఉద్యోగం. నాలుగో పేజీ అడుగున, ఎరువుల ప్రకటనకీ రాశిఫలాలకీ మధ్య మిగిలిన జానెడు జాగాలో ‘ఇదే రోజున’ అనే శీర్షిక నింపడం నా పని. లోకచరిత్ర నుంచి మూడు ముక్కలు, సంగీతం నుంచి ఒకటి. ఫలానా దేశంలో రాజుగారి తల తీసిన రోజు, ఫలానా సముద్రంలో ఓడ మునిగిన రోజు, ఐరోపాలో పియానో వాయించే ఒక మహానుభావుడు కళ్లు తెరిచిన రోజు. (కొన్ని తేదీలు బొత్తిగా బద్ధకపు తేదీలు. ఆ రోజున ప్రపంచంలో ఎవరూ ఏమీ చేసినట్టు కనపడదు. అలాంటప్పుడు రాశిఫలాల వాళ్లని ఇంకో రెండు వాక్యాలు ఎక్కువ రాయమని బతిమాలుకునేవాళ్లం.) లోకచరిత్రంతా నా చేతిమీదుగా నడుస్తున్నట్టు మెడ కాస్త ఎత్తుకునే తిరిగేదాన్ని.

ఆ శీర్షికకి నాకు తెలిసి ఒక్కడే పాఠకుడు, మా తాత. చీపురుపల్లిలో మా ఇంటి అరుగు మీద కూర్చుని, పొద్దున్నే భూతద్దంతో చదివేవాడు. తాత సన్నాయి విద్వాంసుడు. వయసులో ఉన్నప్పుడు శ్రీకూర్మంలో తన గురువుగారి వెనక నిలబడి స్వామివారి ఊరేగింపుల్లో వాయించినవాడు. పళ్లూడిపోయాక సన్నాయి పెట్టెలోకీ, తాత అరుగు మీదకీ చేరారు. “ఏటే, ఈయనెవులో పియానో వోయించినాడని రాసినావు. మంచిదే. మా గురువుగోరు సేసిన పాపమేటి? ఆయన పుట్టనేదా, పోనేదా?” అని రోజూ అడిగేవాడు. మొదట్లో నవ్వి ఊరుకున్నాను. ఒకరోజు మాత్రం భూతద్దం పక్కన పెట్టి, “నాను పోనాక ఆయన పేరు తెలిసినోడు మిగలడే. ఒక్కపాలి అచ్చులో సూసీసి పోతాను” అన్నాడు. ఆ మాట నాకు ముల్లులా దిగింది. ఊరూ పేరూ తెలియని రాజులకి తద్దినాలు పెడుతున్నదాన్ని, ఇంట్లో మనిషి అడిగిన ఒక్క వాక్యం వేయలేనా అనిపించింది.

వేయాలంటే మా డెస్కు ఇన్‌ఛార్జి ఒప్పుకోవాలి. ఆయన్ని మేము చాటుగా ‘ఆధారంగారు’ అనేవాళ్లం. సూర్యుడు తూర్పున ఉదయించాడని రాసినా “ఆధారం ఏదమ్మా?” అనే రకం. గురువుగారు ఎప్పుడు పోయారని తాతనడిగితే, “శ్రావణ సుద్ద సప్తమి. నాకు పెళ్లయిన మరుసటేడు. ఆ దినం వోన కురస్తన్నాది” అన్నాడు. ఈ వాన ఆధారంగారి ముందు నిలవదు. రెండు ఆదివారాలు అటక మీద దుమ్ము తిని, ఎలకలు సగం కొట్టేసిన ఆ ఏటి పంచాంగం పట్టుకున్నాను. సప్తమి పక్కన ఇంగ్లీషు తేదీ చక్కగా అచ్చేసి ఉంది, జూలై నెలాఖరులో ఒక రోజు. ఆధారంగారు పంచాంగాన్ని ఎండకి పట్టి చూసి, వాసన కూడా చూసి, ఒప్పుకున్నారు. ఆ ఊపులో నేనొక వాక్యం అదనంగా తగిలించాను: ‘వీరి శిష్యులు ఏటా ఈ రోజున చీపురుపల్లిలో ఆరాధన జరుపుతారు.’ ఉద్యోగం ఖాయం చేసే నెల అది. లోకచరిత్రలో మా ఊరి పేరు ఎక్కించేశానన్న సంబరంలో, ఈ ఏడు సప్తమి ఎప్పుడొచ్చిందో క్యాలెండరు తిప్పి చూడాలని తోచనే లేదు.

ఆ పొద్దున పేపరు వచ్చింది. తాత భూతద్దం పెట్టాడు. గురువుగారి పేరు మీద వేలు పెట్టి రెండుసార్లు చదివాడు. కళ్లు తుడుచుకున్నాడు. మూడోసారి చదివి, తలెత్తి, “ఒసే! ఇయ్యాల సప్తమేటే? ఆషాడమే ఎల్లనేదు! సప్తమింకా తొమ్మిది దినాలున్నాది!” అని అరిచాడు. తేదీ అదే కదా తాతా అన్నాను. “తేదీకి పోతారేటే మనుసులు? తిదికి పోతారు గానీ!” అన్నాడు. లోకమంతా తేదీకే పోతుంది గాని, మా ఇంట్లో ఇంతవరకు ఎవరూ తేదీకి పోలేదన్నది నిజమే. ఆధారంగారు అడగని ఆధారం అదొక్కటే. సవరణ వేయాల్సి వస్తే నా ఉద్యోగం సంగతేమిటా అని నేను లెక్కలు వేసుకుంటూండగానే వీధి మలుపులో డోలు కనపడింది.

డోలు వెనక మనిషి, మనిషి వెనక సన్నాయి సంచులతో ఇంకో నలుగురు. కొత్తవలస వైపు శిష్యులు పాసింజరు దిగి వస్తున్నారు. శ్రీకూర్మం వాళ్లు ఆటోలో దిగారు. పది గంటలకల్లా మా అరుగు మీద పద్దెనిమిది మంది లెక్క తేలారు. ఒక్క ఫోనైనా చేయలేదేమని అడిగితే అందరికంటే పెద్దవాడు, డోలు మావ, నన్ను జాలిగా చూసి, “పేపర్లో పడిపోనాక ఫోనెందుకమ్మా?” అన్నాడు. ఎదురింటివాళ్లు గుమ్మాల్లోకి వచ్చి, ఆషాఢంలో వీళ్లింట్లో పెళ్లేమిటని గుసగుసలాడుకుంటున్నారు. (పెళ్లికూతుర్ని నేనేనని ఒకావిడ తేల్చేసింది కూడా.)

మామ్మ వంటింట్లోంచి గరిటెతో వచ్చింది. “ఓలమ్మో, ఇంతమందికి ఏటెట్టమంటావే? నీ పెపంచ సరిత్ర వొండి ఎట్టమంటావా?” అంది. మూడిళ్లు తిరిగి రవ్వ పోగుచేసి ఉప్మా చేసింది. నేను ఉల్లిపాయలు తరుగుతూ ఏడ్చాను, కొంత ఉల్లిపాయల వల్ల.

తాత మాత్రం అరుగు మీద కూర్చున్నాడు. ఒక్కొక్కడి ముఖం చూస్తున్నాడు. “ఒరే, పోయినేడు ఇద్దరొచ్చినారు. అంతకుముందేడు నానూ, మీ అక్కానే. ఇన్నేళ్లూ ఎక్కడున్నార్రా?” అన్నాడు. డోలు మావ తల దించుకున్నాడు. “శ్రావణమంటే ముహూర్తాలు బావా. సప్తమినాడు ఏ ఊర్లో ఏ పెళ్లిపందిట్లో ఉంటామో మాకే తెల్దు. ఆషాడంలో మమ్మల్ని పిలిసే నాదుడే లేడు. ఇంట్లో కూకున్నాం, పేపరు సూసినాం, వచ్చీసినాం.” అప్పుడు గాని నాకర్థం కాలేదు. గురువుగారు పోవడమే పెళ్లిళ్ల సీజనులో పోయారు. ఆయన నేర్పిన విద్యే ఆయన శిష్యుల్ని ఏటా ఆ రోజున నాలుగు దిక్కులకీ లాక్కుపోతోంది.

ఉప్మా తిన్నాక గురువుగారి పటానికి దండ వేసి వాయించారు. నేను పుట్టాక మా వీధిలో అంత కల్యాణి వినలేదు. తాత పెట్టెలోంచి తన సన్నాయి తెప్పించుకుని, వాయించలేక, ఒళ్లో పెట్టుకుని వేళ్లు మాత్రం రంధ్రాల మీద ఆడించాడు. ఊపిరి వాళ్లది, వేళ్లు ఈయనవి. మామ్మ గరిటె పట్టుకునే గుమ్మంలో నిలబడిపోయింది. సాయంత్రం అందరూ వెళ్లాక తాత నన్ను పిలిచి, “తప్పు రాసినావే. మల్లీ ఏడు కూడా ఆషాడం సూసి ఇదే తప్పు రాయి” అన్నాడు.

తొమ్మిది రోజుల తర్వాత అసలు సప్తమి వచ్చింది. తాత, మామ్మ, నేను ముగ్గురమే దీపం పెట్టుకున్నాం. ఆఫీసులో సవరణ అడిగినవారెవరూ లేరు; ఒక్కడే పాఠకుడనుకున్న ఆ శీర్షికకి ఇంకో పద్దెనిమిది మంది తేలారు గాని, వాళ్లూ అడగలేదు. ఆధారంగారు ఉద్యోగం ఖాయం చేశారు. తాత బతికినన్నాళ్లూ మా గురువుగారికి ఏటా రెండు ఆరాధనలు, తిథికి దీపం, తప్పుకి కచేరీ.

ఇప్పుడా పత్రికలో నేను లేను, ఆధారంగారూ లేరు. మొన్న అక్కణ్నుంచి కొత్తగా చేరిన అబ్బాయి ఫోన్ చేశాడు. జిల్లా కళాకారుల గురించి వేస్తున్నారట, అదే జానెడు జాగాలో. “మీ తాతగారి వర్ధంతి తేదీ చెప్పండి మేడమ్” అన్నాడు. “మాఘ బహుళ ఏకాదశి” అన్నాను ఠక్కున. “తేదీ, మేడమ్?” అన్నాడు. ఎక్కడెక్కడి రాజుల తలలు ఏ తేదీన తెగాయో ఇప్పటికీ వరసగా అప్పజెబుతాను. మా తాత పోయిన తేదీ మాత్రం నాకు తెలియదు. ఆ పొద్దున మంచు కురుస్తోంది. పెళ్లిళ్లు జోరుగా ఉన్నాయి. డోలు మావ ఏదో పందిట్లోంచి, మెళ్లో దండ కూడా తీయకుండా పరుగెత్తుకొచ్చాడు, ఒక్కడే. అది తెలుసు.

“ఆషాడంలో ఏ దినమైనా ఏసీయి నాయనా” అన్నాను. “అప్పుడైతే అందరూ వస్తారు.”

ఆ అబ్బాయి, పాపం చాలా మర్యాదగా, ఆధారం ఏమిటని అడిగాడు.