చెలమలో చల్లబడ్డ ఎర్ర వైను

బడి ఎనిమిదో తరగతితో ఆపేశాను. ఆ తర్వాతి నా చదువంతా నందిగామ గ్రంథాలయంలో రెండో బీరువా పెట్టిన భిక్ష. ఇంగ్లీషు పుస్తకాలుండేది అందులోనే. పక్కన నిఘంటువు పెట్టుకుని రోజుకు మూడు పేజీల చొప్పున, తేనెటీగల పెంపకం నుంచి ధ్రువప్రాంతాల దాకా, ఏది దొరికితే అది చదివేవాణ్ణి. ఒక వేసవిలో యూరపు వైన్ల మీద లావుపాటి పుస్తకం చేతికొచ్చింది. అప్పట్లో మా జిల్లాలో మద్యనిషేధం. కల్లు తాగినా నేరమే. అలాంటి ఊళ్లో కూర్చుని ఫ్రాన్సులో ఏ కొండవాలున ఏ ద్రాక్ష పండుతుందో కంఠస్థం చేసేశాను!

ఆ ఊపులో మా లిఖిత పత్రికకు నాలుగు పేజీల వ్యాసం రాశాను. అరవైల మొదట్లో పాఠకులమందరం చేత్తో రాసి, కుట్టి, గ్రంథాలయం బల్ల మీద పెట్టుకునే పత్రిక అది. సంపాదకులు రిటైరైన హెడ్మాస్టరు గారు. ఖద్దరు తప్ప కట్టరు, మందు సంగతి సరేసరి. వ్యాసం ఆసాంతం చదివి కళ్లజోడు తీశారు.

“ఏమోయ్, ఒక్క చుక్కైనా నాలిక్కి తగిలిందా నీకు?”

“లేదండి. పుస్తకంలో ఉందండి.”

“ఎర్ర వైను నాలుక మీద మఖమల్‌లా జారుతుందని రాశావు. ఎవరి నాలుక మీద?”

బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు.

“తాగి రమ్మని నేను చెప్పను. అలాగని అరువు నాలుకతో రాసింది పత్రికలో వెయ్యను” అని కాగితాలు నా చేతిలో పెట్టేశారు.

నా పేరుతో నలుగురూ చదవబోయే మొదటి వ్యాసం అది. అది పత్రికకెక్కితే, నేను చదివిందీ చదువేనని ఊరు ఒప్పుకున్నట్టు. ఎక్కకపోతే ఎనిమిదో తరగతివాణ్ణిగానే మిగిలిపోతాను. నాలుగు రోజులు గ్రంథాలయం మెట్లెక్కలేదు.

సరిగ్గా అప్పుడే మా అక్కగారి ఊరి నుంచి కబురొచ్చింది. మా బావ ఓడలో వంటవాడు. వాళ్ల ఊరు జిల్లా సరిహద్దు అవతల, తెలంగాణలో, కోదాడ వైపు. అక్కడ నిషేధం లేదు. సెలవు మీద వస్తూ రెండు సీసాలు తెచ్చాడట, ఎర్రది ఫ్రాన్సుది, తెల్లది జర్మనీది. పరిగెత్తుకుంటూ వెళ్లి మాస్టారికి చెప్పాను.

“నేనూ వస్తా. ముట్టుకోనులే. నువ్వు చెప్పేది నిజమో కాదో నీ మొహంలో తెలుస్తుంది” అన్నారు.

నేను ముందుగానే బావకు చీటీ రాసి పంపాను. తెల్ల వైను బాగా చల్లగా, ఎర్ర వైను గది వేడిమిలో తాగాలని పుస్తకం చెప్పింది. అందుకని తెల్ల సీసాను ఊరి పక్క వాగులో, ఇసుక తవ్వితే నీరూరే చెలమలో, మెడదాకా ముంచి పెట్టమన్నాను. ఎర్ర సీసాను ఇంట్లోనే, గూట్లో ఉంచమన్నాను.

జగ్గయ్యపేటలో బస్సు మారాం. గరికపాడు చెక్‌పోస్టులో పోలీసు అటు వెళ్లేవాళ్లను కన్నెత్తి చూడలేదు, ఇటొచ్చేవాళ్ల సంచులే తడుముతున్నాడు. మే నెల. బస్సులో కమ్మీ పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది.

బావ చెలమలోంచి తెల్ల సీసా తీసి, బిరడా లాగి, ఓడ నుంచి తెచ్చిన గాజు గ్లాసులో పోశాడు. ఎండుగడ్డి రంగు. ఒక గుక్క వేశానో లేదో, పచ్చిమామిడి ముక్క కొరికినట్టు దవడలు లాగేశాయి! ఆ వెనకే తేనె వాసన, కానీ తీపి లేదు. చివర్న ఇంకోటి. జగ్గయ్యపేట సున్నపురాయి మీద తొలి చినుకులు పడ్డప్పుడు లేచే వాసన! నేను గెంతేశాను. పుస్తకంలో ‘తడిసిన రాయి’ అని ఉంటే, అర్థం నాకు సరిగా తెలియలేదేమోనని ఆ మాట వ్యాసంలో కొట్టేశాను మరి.

ఇక ఎర్రది. గ్లాసు పట్టుకుంటేనే వెచ్చగా తగిలింది. నోట్లో పోసుకున్నాను. ముక్కుల్లోకి ఘాటు, గొంతులో మంట. మింగలేక వాకిట్లో ఉమ్మేశాను.

బావ కూడా ఒక గుక్క వేసి నోరు వంకర పెట్టాడు. “ఏందిది బావమరిదీ, జరమొచ్చినోడికి పోసే కషాయం లెక్కుంది! గిదేనా నీ మఖమలు?”

మాస్టారు నా మొహం చూసి తల పక్కకు తిప్పుకున్నారు. ఆయన ఏదైనా అనుంటేనే బాగుండేది.

గూడున్న గోడకు చెయ్యానించి నిలబడ్డాను. గోడ కాలుతోంది. ఒక్కసారిగా రెండో బీరువాలో ఇంకో పుస్తకం గుర్తొచ్చింది. ఇంగ్లండు ఇళ్లలో వేసవిలో కూడా కొన్ని సాయంత్రాలు గదిలో నిప్పు రాజేసుకుంటారని అందులో చదివాను.

“మాస్టారూ! గది వేడిమి అంటే వాళ్ల గదండీ! ఉన్ని కోటు వేసుకుని కూర్చునే గది!”

సీసాకు బిరడా కొట్టి వాగుకు పరిగెత్తి, దాన్నీ చెలమలో దించాను. మాస్టారు ఒడ్డున గొడుగు కింద కూర్చున్నారు. పదే పదే సీసా తడిమి చూస్తుంటే బావ నవ్వాడు. “కోడి గుడ్డు పొదుగుతున్నవా ఏంది?”

చేతికి చల్లగా తగిలాక పోశాం. నాలుక ఊదా రంగెక్కేలా నేరేడుపండు! ఆ వెంటే కరక్కాయ కొరికిన వగరు. మింగాక వడ్రంగి కొత్త బండిచక్రం చెక్కుతున్నప్పుడు వచ్చే చెక్క వాసన. ఇంత ఒకే గుక్కలో!

“మఖమల్ కాదు మాస్టారూ, అది తప్పు! ఇది ముతక ఖద్దరండీ. ఉతికి ఉతికి మెత్తబడ్డ ఖద్దరు!”

ఆయన తన కండువా వైపు చూసుకుని పకపకా నవ్వారు. గ్లాసు అందుకుని వాసన మాత్రం చూశారు. “నేరేడేనోయ్” అన్నారు.

తిరుగు ప్రయాణంలో పోలీసు మాస్టారి ఖద్దరు చూసి నమస్కారం పెట్టాడు. నాకేమో లోపల మాటలు పొంగిపోతున్నాయి, కానీ వైను వాసన బయటపడుతుందని జగ్గయ్యపేట వచ్చేదాకా పెదవి విప్పితే ఒట్టు.

వ్యాసం మొదటి నుంచి మళ్లీ రాశాను. ఈసారి రెండు పేజీలే. మాస్టారు ఒక్క మాట మార్చకుండా గుండ్రటి దస్తూరితో పత్రికలోకి ఎక్కించారు. ఆ తర్వాత వైన్ల పుస్తకం మళ్లీ తీసి చూస్తే, గది వేడిమి అన్నచోట అంచున ఇంతకుముందు లేని సన్నటి పెన్సిలు రాత కనిపించింది. పుస్తకాల మీద గీతలు గీసేవాళ్లకు జరిమానా వేయించే మాస్టారి దస్తూరే అది.

“మన గది కాదు.”