ఎద్దుకు ఆగే కారు

ఆ రోజుల్లో ఆదోనిలో కారున్నవాళ్లు కొద్దిమంది. కారంటే మర్యాద ఉన్నవాళ్లు ఇంకా తక్కువ. అలాంటివాళ్లు ముగ్గురు ప్రతి ఆదివారం పత్తిమండీ అరుగు మీద కూర్చుని, కొత్త కార్లను తిట్టుకుంటూ కాఫీ తాగేవారు. ఒకరు డాక్టరు, ఒకరు పింఛను పుచ్చుకుంటున్న తహసీల్దారు, మూడోవారు ఆ మండీ సావుకారి. గుండీ నొక్కితే లేచే బండి బండే కాదని వాళ్ల తీర్మానం. ముందుకు వంగి, హ్యాండిలు తిప్పి, చెమటోడ్చి లేపితేనే మనమెవరో కారుకు తెలుస్తుందట. నేను ఎమ్మిగనూరు నుంచి చీరల మూటలతో వచ్చినప్పుడల్లా ఆ అరుగు కింద నిలబడి ఈ వేదాంతమంతా వినేవాణ్ని.

నాకు కారు పిచ్చి. పెళ్లిచూపుల నాడు నేను పిల్లను కాక ఎదురింటి ముందు ఆగిన కారునే చూశానని నా భార్య ఇప్పటికీ దెప్పుతుంది. అందుకే, కళ్లకు శుక్లాలు వచ్చి సావుకారి తన నల్లకారును అమ్మేస్తారని తెలిసిన రోజు నాకు అన్నం సయించలేదు.

ధర దగ్గర ఆయనకు పేచీ లేదు. పేచీ అంతా పరీక్ష దగ్గర. కొనేవాడు ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని, పత్తి తీతల కాలంలో, ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు కారు నడపాలి. ఎదురుగా ఎద్దులబండి వస్తే దూరంలోనే పక్కకు తీసి ఇంజను ఆపేయాలి. బండి దాటిపోయాక దిగి, హ్యాండిలు తిప్పి, మళ్లీ కదలాలి. దారిలో ఒక్క ఎద్దు బెదిరినా కారు రాదు. కారు కొన్న కొత్తలో ఎద్దులు బెదిరి, ఆయన మండీకి వస్తున్న పత్తే మట్టిపాలైందట. అప్పటినుంచి ఎద్దు ఎదురైతే ఇంజను ఆపడం ముగ్గురూ ఆచారంగా పెట్టుకున్నారు. నాకంటే ముందు వచ్చిన కాంట్రాక్టరు ఊరు దాటకముందే హారన్ కొట్టి ఇంటికి వెళ్లిపోయాడు.

నా వంతు వచ్చింది. హ్యాండిలు పట్టుకోగానే సావుకారి తిట్టు.

“బొటనేలు యాడ పెడతాండావప్పా? తక్కిన వేళ్ల పక్కకే పెట్టు! అది ఎనక్కి తన్నిందంటే మణికట్టు ఇరుగుతాది.”

పెట్టాను. కారు లేచింది. బయల్దేరాం అనడం పెద్దమాట. ఊరి బయటే తొలి బండి. ఆపాను, దిగాను, తిప్పాను, ఎక్కాను. గేరు పడేలోపు ఇంకో బండి. పత్తికాలం కదా, తిరునాళ్లకు వస్తున్నట్టు వస్తున్నాయి. చొక్కా వీపుకు అంటుకుపోయింది. పొద్దున మమ్మల్ని దాటిపోయిన సైకిలాయన పక్కూళ్లో పని చూసుకుని తిరిగి వస్తూ, “ఇంకా ఈడే ఉండారా?” అన్నాడు. సావుకారి మాత్రం పల్లకీలో పెళ్లికొడుకులా కూర్చుని, “బాగ నడుపుతాండావు,” అన్నారు. నడిపిందెక్కడ! అయినా ఆ మాటకు ప్రాణం లేచొచ్చింది.

సగం దారిలో మరో బండి. ఇంజను ఆపాను. ఎద్దులూ ఆగాయి. అవి కదులుతాయని మేము, మేము కదులుతామని అవి. బండివాడు పత్తి మీద వెల్లకిలా పడి గురక పెడుతున్నాడు. అంతలో వెనకనుంచి ఒక లారీ హారన్ మోగించుకుంటూ, దుమ్ము లేపుకుంటూ, మా రెండు బండ్ల మధ్యగా దూసుకుపోయింది. ఎద్దులు బెదిరాయి, కారు పోయింది అనుకున్నాను. అవి చెవి కూడా కదపలేదు. నెమరు వేస్తూ మా కారు వంకే చూస్తున్నాయి.

లేచింది బండివాడొక్కడే. “ఏమన్నా, ఆదోని వచ్చిందా?”

“రాలేదు. నీ ఎద్దులు ఎందుకు నిలిచినాయి?” అన్నారు సావుకారి.

“ఈ కారు నిలిస్తే అవీ నిలుస్తాయి సామీ. ఎప్పుడూ అంతే. అందుకే ఈడికొస్తే నాకొక కునుకు.”

నేను నవ్వు ఆపుకోలేక హ్యాండిలు తిప్పే వంకతో దిగిపోయాను. తిరిగి వచ్చి ఆయన ముఖం చూశాక నవ్వు రాలేదు.

“ముందు నా కారు మలుపు తిరిగితే పిల్లాజెల్లా ఇండ్లలోకి ఉరికేవాళ్లు. ఇప్పుడు ఎద్దు గూడా లెక్కచేయదు,” అన్నారు. “ఇంక దీన్ని అమ్మేదేముందప్పా. షెడ్డులోనే పడుంటాది. నువ్వు దేనికీ ఆపొద్దు, పోనీ.”

నాకు ఏడుపొచ్చింది. తప్పు చేసి కారు పోగొట్టుకుంటే ఒక రకం, ఎద్దులకు భయం లేదని పోగొట్టుకోవడమేమిటి! ఆయన మీద జాలి, ఎద్దుల మీద ఒళ్లుమంట. ఆ మంటలోనే ఎక్కడా ఆపకుండా నడిపాను. ఒక బండి దాటింది, ఇంకొకటి దాటింది. ఏ ఎద్దూ తల తిప్పలేదు. ప్రతిసారీ ఆయన సీట్లో ఇంకాస్త కిందికి జారారు.

ఎమ్మిగనూరు కనబడుతుండగా ఒక బండి ఎదురైంది. జతలో ఒకటి కాడికి కొత్తగా కట్టిన కోడె. మా కారును చూసి ఒక్క ఉరుకు ఉరికి, పక్క ఎద్దునూ బండినీ ఈడ్చుకుంటూ గుంతలోకి దిగింది. పత్తంతా నల్లరేగడి మీద పడింది. బండాయన మా ఇద్దరి వంశాలనూ తిట్టడం మొదలుపెట్టాడు. కారు దానంతటదే ఆగిపోయింది.

నేను స్టీరింగు మీద తల వాల్చేశాను. తలుపు చప్పుడైంది. చూస్తే సావుకారి పంచె ఎగ్గట్టి, ఆనని కళ్లతో తడుముకుంటూ పత్తి ఏరుతున్నారు. మధ్యలో కోడె దగ్గరికి పోయి దాని మెడ మీద చెయ్యి వేశారు.

“ఎట్ల వణుకుతాండాదో చూడప్పా!” అన్నారు. ఆ గొంతులో సంతోషం దాచుకుందామన్నా దాగడం లేదు.

అందరం పట్టి బండిని పైకి లాగాం. పత్తి ఎత్తిపోశాం. ఆయన నా చేతిలోంచి హ్యాండిలు లాక్కుని, తనే వంగి తిప్పి, వచ్చి పక్కన కూర్చున్నారు.

“కారు నీదే. తక్కినవాటికి నీ ఇష్టం. ఈ కోడెకు మాత్రం కనబడంగానే ఆపల్ల.”