సున్నం బొట్టు చెరిపిన కత్తి

దయ్యాలున్నాయా అని ఎవరైనా అడిగితే, పొడవెంత, వెడల్పెంత అని ఎదురడిగే మనిషిని నేను. కొలతకు రానిదాన్ని నమ్మే అలవాటు నాకు లేదు. యాభై రెండేళ్ళు వచ్చాయి. మాచర్ల దగ్గర నాపరాళ్ళ పాలిష్ యూనిట్‌లో పలకలు కొలవడం నా పని. చదివింది పదో తరగతి. ఆ పైన వచ్చిన లెక్కలన్నీ పలకల మధ్య కూర్చుని సొంతంగా నేర్చుకున్నవే.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, కింద రాసిన టైములు భయంలో ఊహించుకున్నవి కావు. జరుగుతుండగానే జేబు డైరీలో రాసుకున్నవి. ఆ డైరీ ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

మా అమ్మాయి పద్మ నరసరావుపేటలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. ఉండేది మాచర్లలోనే, రోజూ బస్సులో వెళ్ళి వస్తుంది. దాని స్నేహితులు ఎక్కడో గుడారం వేసుకుని ఒక రాత్రి గడిపి వచ్చారు. తనకూ అలా ఒక రాత్రి గడపాలని పట్టుబట్టింది. ఒంటరిగా పంపను, నేనూ వస్తానన్నాను. మా ఆవిడ తమ్ముడు కోటయ్యకు ఒక పాత జీపుంది. గుట్ట మీద, వాగు పక్కన, అతని స్నేహితుడి పొలం ఉంది. ముగ్గురం అక్కడికి వెళ్ళేలా ఒప్పందం కుదిరింది.

అడవి అంచున ఉండేటప్పుడు చేతిలో మంచి కత్తి ఉండాలి. పుల్లలు చీల్చాలి, గుడారానికి మేకులు చెక్కాలి, తాడు కోయాలి. మడత కత్తి వద్దనుకున్నాను. మడత దగ్గరే దాని బలహీనత. అలుగు నాలుగున్నర అంగుళాలు ఉండాలి. మందం నాలుగు మిల్లీమీటర్లకు తగ్గకూడదు, లేకపోతే కట్టెను చీల్చేటప్పుడు వంగుతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఆ ఇనుము పిడి చివరిదాకా ఒకే ముక్కగా పోవాలి.

బజారులో దొరికిన కత్తుల్లో ఇనుము పిడిలోకి ఒక్క అంగుళమే పోయింది. ఫోన్లో చూసినవాటిలో నచ్చినవి నా స్తోమతకు అందలేదు. అందినవాటికి మందం ఎంతో రాయలేదు. పది రోజులు ఇదే పని. కోటయ్య నవ్వాడు.

"బావా, పెళ్ళిచూపుల్లో మా అక్కను గూడా ఇంతగా చూళ్ళేదు నువ్వు. కత్తికి ఇంత తతంగం ఏంది? మస్తాన్ భాయ్ కాడికి పో, కమాన్ పట్టీతో కొట్టిస్తాడు."

లారీల కింద బరువు మోసే ఇనప పట్టీల దొంతరను మా వైపు కమాన్ కట్ట అంటారు. గురజాల రోడ్డులో మస్తాన్‌ది కమాన్ కట్టల షాపు. విరిగిన పట్టీలతో కొడవళ్ళూ కత్తులూ చేస్తాడు. ఆ ఉక్కు పదును నిలుపుకుంటుంది, ధర కూడా తక్కువ.

నేను వెళ్ళేసరికి మధ్యాహ్నం నమాజు వేళయింది. "ఆ కుప్పలో నీకు నచ్చింది తీసి పెట్టన్నా, వచ్చి కొడతా" అని చెప్పి మసీదుకు వెళ్ళాడు. నేను మందం కొలిచే వెర్నియర్ తీసి ఒక్కో ముక్కా కొలిచాను. అన్నీ ఎనిమిది, పది మిల్లీమీటర్లు. అంత మందాన్ని సాగగొట్టడం కష్టం. అడుగున ఒకటి ఆరుకు దగ్గరగా కనిపించింది. దాని మీద సున్నం బొట్టు ఉంది.

మా యూనిట్‌లో పలక మీద సున్నం బొట్టు పెడితే కొలవడం అయిపోయిందని అర్థం. ఇరవై ఏళ్ళుగా నా చేత్తోనే పెడుతున్నాను. ఇక్కడా అంతే అనుకున్నాను. పైగా ఆ బొట్టు మీద వెర్నియర్ పెడితే అర మిల్లీమీటరు తేడా వస్తుంది. గోటితో గీకి, తడిగుడ్డతో తుడిచేశాను. సరిగ్గా ఆరు వచ్చింది.

మస్తాన్ వచ్చి ముక్కను రెండు వైపులా తిప్పి చూశాడు. ఎందుకు చూస్తున్నాడో అప్పుడు నాకు తెలియదు. "ఈ కుప్పలోదే గదా అన్నా?" అన్నాడు. అవునన్నాను. కొలిమిలో పెట్టాడు.

మూడు రోజుల తర్వాత కత్తి తయారైంది. తుమ్మ పిడి, తోలు ఒర. మస్తాన్ కత్తిని నేరుగా చేతికి ఇవ్వడు. ఇనుము కొట్టే దాగలి దిమ్మె మీద పెడితే మనమే తీసుకోవాలి. ఇంట్లో తూచాను, రెండు వందల నలభై ఆరు గ్రాములు. ఎండలో తిప్పి తిప్పి చూశాను. ఎక్కడా సన్నగీత కూడా లేదు.

గుట్ట మీదికి చేరేసరికి మూడు దాటింది. చలి పోయి ఎండలు ఇంకా ముదరని రోజులు. జీపును మట్టిరోడ్డు చివర ఆపాము. అక్కడి నుంచి గుడారం నలభై అడుగులు, నేను అంగలేసి కొలిచాను. కత్తి నేను కోరుకున్నట్టే ఉంది. ఎనిమిది మేకులు చెక్కి ఒరలో పెట్టుకున్నాను.

నాలుగూ పదికి నడుము దగ్గర ఠక్కుమని చప్పుడైంది. ఎండుకొమ్మ విరిగినట్టు కాదు. బిగించిన ఇనుము తెగినట్టు. తుంటి ఎముకకు తగిలింది.

"నాన్నా, ఏందా చప్పుడు?" అంది పద్మ.

కత్తి తీసి చూశాను. ఏమీ కాలేదు. పిడి కొయ్య ఎండి బిగుసుకుంటోందని చెప్పాను. నేను నమ్మింది కూడా అదే. ఎప్పుడెప్పుడు వస్తుందో తెలిస్తే మస్తాన్‌కు చెప్పొచ్చని టైం రాసుకున్నాను.

నాలుగూ యాభైకి రెండోసారి. అప్పుడు కత్తి రాతి మీద ఉంది. ఎవరి చెయ్యీ దాని మీద లేదు. చప్పుడుతో పాటు కత్తి కదల్లేదు, అదే నాకు వింతగా అనిపించింది. ఐదూ పదికి మూడోసారి. పద్మ నా మొహం వైపు చూసింది. కోటయ్య మాత్రం పొయ్యి రాళ్ళు పేరుస్తూనే ఉన్నాడు. అతనికి ఏమీ వినపడలేదట.

డైరీ చూసుకున్నాను. మొదటి ఎడం నలభై నిమిషాలు. రెండోది ఇరవై. తర్వాత పది వస్తుందేమోనని ఒక ఆలోచన వచ్చింది. వచ్చినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఐదూ ఇరవైకి ఠక్కుమంది.

పలకను సగానికి కోసి, మిగిలిన సగాన్ని మళ్ళీ సగానికి కోస్తూ పోతే, ఎన్నిసార్లు కోసినా మొత్తం ఆ ఒక్క పలకను దాటదు. నాకది పుస్తకంలో చదివిన లెక్క కాదు, రోజూ చూసేది. మొదటి ఎడానికి రెట్టింపు దగ్గర అంతా ఆగిపోతుంది. నలభైకి రెట్టింపు ఎనభై. నాలుగూ పదికి ఎనభై నిమిషాలు కలిపితే ఐదున్నర.

ఐదున్నరకు ఏమవుతుందో ఏ లెక్కా చెప్పదు. పక్కనే మా అమ్మాయి మోకాళ్ళ మీద గడ్డం ఆనించి కూర్చుని ఉంది. నాకు తోచింది ఒక్కటే, దాన్ని ఈ గుట్ట మీద ఉంచకూడదు. అలవాటుగా కత్తిని మళ్ళీ నడుముకు పెట్టుకుని, సామాను వదిలేసి జీపు ఎక్కమన్నాను.

"పులి గాని కనపడిందా బావా? బియ్యం ఎసట్లో పోశా గదా" అన్నాడు కోటయ్య. అయినా నా గొంతు విని లేచాడు. పద్మ ముందు సీట్లో కూర్చుంది. కోటయ్య తాళం పెట్టాడు. ఎక్కబోతూ జీపు రేకు మీద చెయ్యి వేశాను. సరిగ్గా ఐదూ ఇరవై ఐదు.

నడుము దగ్గర కత్తి ఠక్కుమంది. అదే క్షణంలో నా అరచేతి కింద జీపు అదిరింది.

ఇంజను ఇంకా స్టార్టు కాలేదు. ఇది మాత్రం గట్టిగా చెబుతాను.

పద్మ రెక్క పట్టుకుని కిందికి లాగాను. దాని మోచెయ్యి తలుపుకు గీరుకుని రక్తం వచ్చింది.

"ఎక్కమంటావు, దిగమంటావు, ఏంది బావా ఇది?"

"దిగరా. నీకు దణ్ణం పెడతా, దిగు."

నా నోట అలాంటి మాట అతను ఎన్నడూ వినలేదు. దిగాడు. కత్తిని ఒరతో సహా దారిలో పారేసి, ఇద్దరినీ ఇరవై అంగలు వెనక్కి లాక్కెళ్ళాను. ఐదూ ఇరవై ఏడున్నరకు ఒకటి. ఆ తర్వాతవి రాసుకోలేకపోయాను. నిమిషం పైన కొన్ని సెకన్లకు ఒకటి, దానిలో సగానికి ఒకటి. చివరికి విడివిడి చప్పుళ్ళు పోయి, పలక మీద మేకుతో గీసినట్టు ఒకే గీత అయింది. పద్మ చెవులు మూసుకుంది. మూసుకున్నా వినపడిందని తర్వాత చెప్పింది.

ఐదున్నరకు జీపు కింద నుంచి పెద్ద చప్పుడు. దాన్ని కోటయ్య కూడా విన్నాడు. ఖాళీ జీపు, ఎవరూ తాకకుండా, ఎడమవైపు వెనక చక్రం మీద కూలబడింది. ఆ తర్వాత వాగు చప్పుడు తప్ప ఏమీ లేదు.

కమాన్ కట్ట మధ్యకు విరిగింది. గుట్ట దిగే మట్టిరోడ్డుకు రెండు మలుపులు. రెండో మలుపు కింద పాత క్వారీ గొయ్యి, నిండా నీళ్ళు. ఆ రోడ్డు మీద జీపు వేగం, దూరం తర్వాత లెక్కకట్టాను. ఐదూ ఇరవై ఐదుకు బయలుదేరితే ఐదున్నరకు రెండో మలుపులో ఉంటాము.

మర్నాడు షాపుకు విప్పి తెచ్చిన కట్ట చూసి మస్తాన్, లోపల పాత పగులుందన్నాడు. విరిగినచోట సగం తుప్పు, సగం కొత్త మెరుపు. కాబట్టి జీపు విరగడానికి కారణం దొరికింది. అప్పుడు కత్తి సంగతి చెప్పాను. సున్నం బొట్టు సంగతి కూడా.

అతను చేతిలోని కట్టను కింద పెట్టాడు.

"మనిషి పోయిన బండి పట్టీకి సున్నం పెడతా, అన్నా. దాన్ని కొలిమిలో పెట్టను. పాత ఇనుము లారీ వచ్చినప్పుడు ఏసేస్తా" అన్నాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. "నువ్వు తీసిన పట్టీ ఉన్న లారీ డ్రైవరు ఆ రోజు ఘాట్ రోడ్డు మీద నుంచి నాకు ఫోన్ చేశాడు. భాయ్, కింద ఏదో ఠక్కుమంటంది, ఇందాక చానాసేపటికొకసారి వచ్చింది, ఇప్పుడు ఎంటెంటనే వస్తంది, ఆపమంటావా అన్నాడు. లోడు కదిలుంటదిలే, వచ్చెయ్, షాపు కాడ చూద్దాం అన్నా నేను."

దారిలోంచి ఏరి తెచ్చిన కత్తిని వెనక్కి తీసుకోమన్నాను. అతను చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. నన్నే దిమ్మె మీద పెట్టమని, వేలితో సున్నం తీసి అలుగు మీద బొట్టు పెట్టాడు. "చెరిపింది నువ్వు. నీ కాడనే ఉండాలన్నా."

ఇంటికి వచ్చి మళ్ళీ తూచాను. రెండు వందల నలభై ఆరు. భూతద్దంతో చూశాను, పగులు లేదు. అది మమ్మల్ని కాపాడిందని కోటయ్య అంటాడు. నేను అలా అనలేను. భయపెట్టి మమ్మల్ని జీపు ఎక్కించింది కూడా అదే కదా. జీపు మీద నా చెయ్యి పడకపోయి ఉంటే?

క్వారీ గోతిలో పారేద్దామని రెండుసార్లు వెళ్ళి, రెండుసార్లూ వెనక్కి తెచ్చాను. పారేస్తే చప్పుడు ఆగుతుందని ఎక్కడుంది? నాకు వినపడకుండా పోతుంది, అంతే. అటక మీద గోనెసంచిలో చుట్టి పెట్టాను. ఏడు నెలలు ఏ చప్పుడూ లేదు.

పోయిన వారం మంగళవారం పొద్దున ఏడూ నలభైకి, పద్మ కాలేజీ బస్సు కోసం చెప్పులు వేసుకుంటుంటే, అటక మీద ఠక్కుమంది. పద్మా ఆగింది, నేనూ ఆగాను. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ రోజు దాన్ని పంపలేదు. మర్నాడు పంపక తప్పలేదు.

ఈ రోజుకు తొమ్మిది రోజులు. డైరీలో ఒకే ఒక్క టైం రాసి ఉంది. ఇది ఏమిటో నాకు తెలియదు, ఎవరికైనా తెలుస్తుందని కూడా అనుకోవడం లేదు. రెండోసారి ఎప్పుడు వస్తుందో చూస్తున్నాను. అది వస్తే గాని మొదటి ఎడం తెలియదు, మిగిలింది ఎంతో తేలదు.