ఓర్వియేతో నుంచి వచ్చిన అసుంతా గారు

మొన్న శనివారం దుకాణంలో ఒక పెట్టె అడుగున ద్రాక్షపళ్ళు చితికి, తియ్యగా, కాస్త పుల్లగా వాసన వేశాయి. తోస్తున్న బండి ఆపేసి అక్కడే నిలబడిపోయాను. ఎడిసన్ అనే ఊళ్ళో మా పక్కింటి బేస్‌మెంట్ నుంచి ఏటా అక్టోబరు నెలంతా వచ్చే వాసన అది. ఆ ఇల్లు అసుంతా గారిది.

మేము అక్కడ అద్దెకు దిగింది డెబ్బై తొమ్మిదిలో. నేను ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో కెమిస్టుని. మాది గుంటూరు వైపు క్రైస్తవ కుటుంబం. మద్యం ముట్టేవాళ్ళం కాదు, చర్చ్‌లో ప్రభు భోజనంలో కూడా పులియని ద్రాక్షరసమే తీసుకునేవాళ్ళం. అందుకే ఆమె మొదటిసారి తను ఇంట్లో చేసిన వైన్ గ్లాసు అందిస్తే రెండడుగులు వెనక్కి వేశాను. డెబ్బై ఏళ్ళ ఆ మనిషి తన వచ్చీరాని ఇంగ్లీషులో నవ్వుతూ, "తాగమని ఎవరన్నారు? వాసన చూడు చాలు," అంది. చూశాను. పచ్చి బాదం, తేనె, తడిసిన రాయి. ఒక్కొక్కటే చెబుతుంటే ఆమె కళ్ళు పెద్దవయ్యాయి.

ఆమె పుట్టింది ఇటలీలోని ఓర్వియేతోలో. ఊరు మొత్తం ఒక పెద్ద రాతిగుట్ట మీద ఉంటుందట. రోమనుల కన్నా ముందువాళ్ళు ఆ మెత్తటి రాయిని తొలిచి గుహలు చేశారు. ఇంట్లోంచి మెట్లు దిగితే గుహ, గుహలో పీపాలు. అక్కడి చలికి రసం నెమ్మదిగా పులుస్తుంది, కొంత తీపి మిగిలిపోతుంది. "యుద్ధంలో విమానాలు వస్తే మేమూ ఆ పీపాల మధ్యకే దిగేవాళ్ళం. మా తమ్ముడి కొడుకు అక్కడే పుట్టాడు," అనేది. కాలిఫోర్నియా నుంచి చెక్కపెట్టెల్లో వచ్చే తెల్లద్రాక్షను పిండి, పెద్ద గాజు జాడీల్లో పోసి, ఆ ఊరి రుచి కోసం ప్రతి ఏడూ వెతుక్కునేది.

ఎనభై మూడు చలికాలంలో ఆమెకు తీవ్రంగా జ్వరం వచ్చింది. తగ్గింది గానీ, వాసన తెలియడం పోయింది. మార్చిలో నన్ను పిలిచింది. "జూన్‌లో మనవరాలి పెళ్ళి. ఈ జాడీలు దానికే. నువ్వే నా ముక్కువి." బయల్దేరుతుంటే మా ఆయన, "చర్చ్‌లో తెలిస్తే ఏమంటారు?" అన్నారు. "డ్రింక్ చేయట్లేదుగా, స్మెల్ చేస్తున్నాను, అంతే," అన్నాను.

ఆమె బేస్‌మెంట్‌లో జాడీ మూత తీయగానే కుళ్ళిన గుడ్డు వాసన గుప్పుమంది. ఆమె నా మొహంలోకే చూస్తోంది. జ్వరంతో చిక్కిపోయిన మొహం, పెళ్ళి మీద పెట్టుకున్న ఆశ. "చాలా బాగుంది ఆంటీ," అన్నాను.

పెళ్ళిలో అతిథులు గ్లాసులు ముక్కు దాకా ఎత్తి, మర్యాదగా కింద పెట్టేశారు. తెల్ల బట్ట పరిచిన బల్లల నిండా తాగని గ్లాసులు. మనవరాలు మాత్రం ఊపిరి బిగబట్టి తన గ్లాసు ఖాళీ చేసి అమ్మమ్మను ముద్దు పెట్టుకుంది. అసుంతా గారికి అంతా అర్థమైంది.

మర్నాడు పొద్దున్నే మా తలుపు తట్టింది. తిడుతుందనుకున్నాను. "నాకు ముక్కు పోయింది సరే, నీకు నోరెందుకు పోయింది?" అని అడిగింది. "అప్పుడే చెప్పుంటే, అడుగు మడ్డి వదిలేసి వేరే జాడీలోకి మార్చేదాన్ని. గాలి తగిలితే ఆ వాసన పోయేది. రెండు రోజుల పని."

"మీరు బాధపడతారని..."

"బాధపడేదాన్ని. అది నా పని. చెప్పడం నీ పని."

వేసవంతా మా మధ్య మాటల్లేవు. మళ్ళీ నన్ను పిలవదనే అనుకున్నాను. నవంబరులో ఒక సాయంత్రం కంచె అవతలి నుంచి, "వచ్చి చూడు!" అని కేకేసింది. మూడో జాడీ దగ్గర ఆగాను. మళ్ళీ వంగి వాసన చూశాను. చివరికి, "ఇది పాడవుతోంది ఆంటీ," అన్నాను. ఆమె మొహం వాడింది. నేను వెళ్ళబోతే చెయ్యి పట్టుకుని, "చెప్పేసి పారిపోకు. రబ్బరు గొట్టం పట్టుకో," అంది. చీకటి పడేదాకా ఇద్దరం ఆ రసాన్ని గొట్టంతో వేరే జాడీలోకి మార్చాం. ఆ ఏటి రసం బాగుందని తాగినవాళ్ళందరూ అన్నారు. నేను మాత్రం చుక్క ముట్టలేదు, ఆమె బలవంతం చేయనూ లేదు.

ఎనభై ఎనిమిదిలో అసుంతా గారు పోయారు. ఇప్పటికీ ఎవరైనా తాము చేసింది నా ముందుపెట్టి "ఎలా ఉంది?" అని అడిగితే, తియ్యటి మాటే ముందు నోటికొస్తుంది. దాన్ని మింగేసి ఉన్నది చెబుతాను. చెప్పాక లేచి వెళ్ళిపోను. కుర్చీ దగ్గరికి లాక్కుని, ఇద్దరం కలిసి ఏం చేయగలమో చూద్దామంటాను.