పదహారో గింజ

మా ల్యాబులో ఆయన్ను గింజలాయన అంటాం. ఆపరేషన్‌లో కోసి తీసిన కడుపు ముక్కకు కొవ్వు అంటుకొని వస్తుంది. దాన్ని వేళ్ళ మధ్య నలుపుతూ అందులో దాగిన లింఫు గ్రంథులను ఏరడం ఆయన పని. క్యాన్సర్ పాకితే ముందు చేరేది వాటిలోకే. కంటికి అంతా ఒకటే పసుపు, వేలికి మాత్రం గ్రంథి గింజలా తగులుతుంది. ముప్పై ఏళ్ళ అనుభవం. నోరు మాత్రం మహా పిసినారి. "రిపోర్టు రానిదే పెదవి విప్పకు" అని మొదటి రోజే నాకు నేర్పింది ఆయనే.

అలాంటి మనిషి సొంత బావ విషయంలో నోరు జారాడు.

బావకు కడుపు క్యాన్సర్. మరీ లోతుకు పోలేదని కోసి తీసేశారు. ఆ ముక్క మా బల్ల మీదకే వచ్చింది. నేను చేస్తానంటే వినలేదు. ఆ రోజు పదకొండు గ్రంథులు దొరికాయి. మూడో రోజు వాటి స్లైడ్లు మైక్రోస్కోపులో చూస్తే పదకొండూ శుభ్రం. అంతే, నడవాలోకి పరిగెత్తి బెంచీ మీదున్న అక్కకు చెప్పేశాడు. "బావకు ఎక్కడా పాకలేదక్కా!" ఆవిడ సంతోషం పట్టలేక బావురుమంది. అరగంటలో చుట్టాలందరికీ ఫోన్లు వెళ్ళాయి.

లోపల రిపోర్టు రాసే డాక్టరమ్మ సంతకం పెట్టలేదు.

"కనీసం పదహారు గ్రంథులైనా చూడందే పాకలేదని ఎలా రాస్తాను? మీకు తెలియనిదా? ఒక్కదాంట్లో ఉన్నా కీమో మందు మొదలుపెట్టాలి. తెలియక వదిలేస్తే తిరగబెడుతుంది."

తెలియక కాదు, బుద్ధి గడ్డి తిని చెప్పాడు. ముక్కను నిల్వ ఉంచిన ఫార్మలిన్ డబ్బా మళ్ళీ తెరిచాడు. రోగమున్నది దొరక్కూడదని కోరుకుంటూనే వెతకడం ఎంత నరకమో ఆ రోజు చూశాను. పన్నెండు, పదమూడు... పదిహేను దగ్గర చెయ్యి ఆగిపోయింది. గంట గడిచినా ఇంకోటి లేదు.

"ఇక లేవేమో, ఆపేద్దామా?" అన్నాను జాలిపడి.

"నోర్మూసుకుని ఆ లైటు ఇటు తిప్పు" అని కసిరాడు.

చివరికి ముక్క కొసన ఆవగింజంతది తగిలింది. రెండు రోజుల తర్వాత స్లైడ్లు వచ్చాయి. కొత్తవాటిలో నాలుగు శుభ్రం. ఆ పదహారోదానిలో ఉంది.

ఆయన నడవాలోకి వెళ్ళాడు. నేనూ వెనకే వెళ్ళాను.

"అక్కా, తొందరపడి తప్పు చెప్పాను. ఒకదాంట్లో ఉంది."

ఆవిడ బెంచీ మీంచి లేచింది. "అది దొరక్కపోయుంటే?"

"మందు ఇచ్చేవాళ్ళు కాదు. లోపలే పెరిగేది."

"ఇప్పుడు బతుకుతారా?"

"మాటివ్వలేనక్కా. ఒక్కదాంట్లోనే కాబట్టి ఆశ ఉంది."

తిడుతుందనుకున్నాను. ఆవిడ కళ్ళు తుడుచుకొని తమ్ముడి భుజం పట్టి ల్యాబు వైపు తిప్పింది.

"మరి ఇక్కడ నిలబడి ఏం చేస్తున్నావురా? పో, ఇంకోటుందేమో వెతుకు."

ఆయన లోపలికొచ్చి మళ్ళీ చేతి తొడుగులు వేసుకున్నాడు.